పై ఇల్లు

ఇది ముగ్గురి మధ్య తగాదా. ఉత్తరం పంపామని సంక్షేమ కార్యాలయం వాళ్ళు అన్నారు. రాలేదని టైలరక్క అంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారని అనుకుంటే మధ్యలో మిగిలేది ఒక్కరే. నేను. ఆ పేటకు పోస్టమ్మను.

నాకు కోపం తొందర. ఆ సంగతి నాకూ తెలుసు, మా పోస్టాఫీసుకూ తెలుసు, నా దారిలో ఉన్న కుక్కలకు ఇంకా బాగా తెలుసు. కానీ ఇరవై మూడేళ్ళలో నా సంచిలోంచి ఒక్క ఉత్తరం తప్పిపోయిందని ఎవరూ అనలేదు. ‘పిల్లుల డాక్టరు గారికి’ అని తప్ప ఇంకేమీ రాయని కవరు ఒకటి వస్తే, ఆయన ఇల్లు మారి నెలైనా సరే, వెతికి పట్టుకుని చేతికిచ్చి వచ్చాను. పేరు చూస్తే చాలు, మనిషి నా కళ్ళముందు కదులుతుంది. మనిషి కదిలితే సైకిలు దానంతటదే అటు తిరుగుతుంది. చిరునామాలన్నవి కొత్తవాళ్ళ కోసం అని నా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని దాచుకునేదాన్ని కూడా కాదు, టీ తాగేటప్పుడల్లా నలుగురికీ వినిపించేదాన్ని.

ఆ రోజు టైలరక్క కిటికీ దగ్గర బెల్లు కొట్టి, గోధుమరంగు కవరు అందించి వెళ్ళబోతున్నాను.

“ఆగవే పోస్టమ్మా. ఒక్కసారి లోపలికి రా” అంది.

ఆ ఇల్లు అక్క ఏరికోరి అద్దెకు తీసుకున్నది. ఆమెకు నడుము కింద పట్టు లేదు. పాత ఇంటి ముందు తొమ్మిది మెట్లుండేవి. ఆ తొమ్మిదింటి పుణ్యమా అని ఏడాదికి నాలుగుసార్లు కూడా వీధి మొహం చూసేది కాదు. రెండేళ్ళ కిందట ఈ ఇంటికి మారింది. మారగానే గడప కూడా తీయించి నేల చదును చేయించింది. చక్రాల కుర్చీ ముందు గదిలోంచి వీధిలోకి సాఫీగా వెళ్ళిపోతుంది. బల్లమీద చేత్తో తిప్పే పాత కుట్టుమిషను, పక్కన తాడుకు కట్టిన కత్తెర, గోడమేకుకు గుత్తిగా వేలాడే కాలర్ల నమూనాలు. ప్రభుత్వం వారి కవర్లు దళసరిగా ఉంటాయని అక్క వాటిని పారెయ్యదు. కాలర్లకీ చేతిపట్టీలకీ నమూనాలు కత్తిరించి, చిల్లు పెట్టి తగిలిస్తుంది. ఆమె ఉన్నది కింది వాటా. పై వాటాలో ఒక లారీ డ్రైవరు, దానికి బయటినుంచి ఇనప మెట్లు. ఆ తమ్ముడు రెండు మూడు నెలలకోసారి వచ్చి, రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి వెళ్ళిపోతాడు. అతనికి ఉత్తరాలు రాసేవాళ్ళు లేరు కాబట్టి ఆ మెట్లు ఎక్కాల్సిన పని నాకెప్పుడూ పడలేదు.

అక్క కవరు చింపి, చదివి, కాగితం నా చేతిలో పెట్టింది.

‘విషయం: తోడు సాయం నిలుపుదల. పై విషయమై తమకు తెలియజేయునదేమనగా, సమీక్షకు హాజరు కావలసినదిగా గత నెల పదకొండవ తేదీన తమకు ఉత్తరము పంపబడినది. తమరు హాజరు కాలేదు. కారణమును తెలుపలేదు. కావున ఈ నెలాఖరుతో సాయము నిలిపివేయబడును.’

తోడు సాయం అంటే వదిన. మాకెవరికీ చుట్టం కాదు, అయినా అందరం వదిన అనే పిలుస్తాం. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వస్తుంది. అక్కను మంచంమీంచి లేపి, స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెడుతుంది. పొద్దుగూకాక మళ్ళీ కుర్చీలోంచి మంచంలోకి చేరుస్తుంది. ఆమెను పంపేదీ జీతమిచ్చేదీ సంక్షేమ కార్యాలయం. వదిన రాకపోతే అక్క మంచం దిగదు. మంచం దిగలేని ఒంటరి మనిషిని ఊరి చివర ఆశ్రమానికి పంపిస్తారు. అక్కడ భోజనం, మందులు, అన్నీ చూస్తారట. సూదులూ కత్తెర్లూ మాత్రం లోపలికి తేనివ్వరట.

“మొదటి ఉత్తరం నాకు రాలేదే” అంది అక్క. కాలర్ల గుత్తిని చూస్తూ, “నీ దగ్గరేమైనా…” అని ఆపేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. “నా దగ్గరేంటక్కా? నేను దాచుకుని పచ్చడేసుకుంటానా నీ ఉత్తరాన్ని?”

“నేనేమన్నానే ఇప్పుడు?”

“అనలేదు. అనబోయావు.”

“అనబోయిందానికే ఇంత ఎగిరితే, అంటే ఏమయ్యేదానివో” అంది అక్క, నవ్వకుండా.

బయటికొచ్చి సైకిలెక్కాను కానీ నాలుగిళ్ళు దాటేసరికి కోపం దిగిపోయి, దాని చోట్లో ఇంకోటి మొదలైంది. ఆ ఉత్తరం ఏమై ఉంటుంది? కాగితమే కదా, ఆవిరైపోదు. ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎక్కడ? ఆ ప్రశ్న నన్ను కూర్చోనివ్వలేదు. గత నెల పదకొండు… అప్పుడు నేను డ్యూటీలోనే లేను! తొమ్మిది నుంచి ఇరవై దాకా కంటి ఆపరేషను సెలవు. రెండు కళ్ళలోనూ పొర తీయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో రేడియో వింటున్నాను. నా బదులు తిరిగినవాడు రూళ్ళకర్ర.

రూళ్ళకర్ర అంటే మా ఆఫీసులో నలభయ్యేళ్ళ మనిషి. ఎప్పుడూ నిటారుగా ఉంటాడు, ఎప్పుడూ రూలు ప్రకారమే ఉంటాడు, అందుకని ఆ పేరు. కవరుమీద ఒక అంకె తేడా ఉన్నా ‘చిరునామా సరిగా లేదు’ అని రాసి వెనక్కి కొట్టేస్తాడు. మర్నాడు పొద్దున్నే ఉత్తరాలు విడదీసే బల్ల దగ్గర పట్టుకున్నాను.

“ఏమయ్యా, టైలరక్క ఉత్తరం ఎక్కడ పారేశావు?”

“పారెయ్యడమేంటక్కా? కవరుమీద ఎక్కడుంటే అక్కడ వేశాను. మీ పేటలో పన్నెండు రోజుల్లో ఒక్కటీ తప్పలేదు. పైగా ఆ వీధిలో మెట్లెక్కలేక నా మోకాళ్ళు…”

“నీ మోకాళ్ళ గోల నాకెందుకయ్యా? అడిగిందానికి జవాబు చెప్పు!”

“అదే చెబుతున్నాను, ఆ మెట్లు…”

“చాల్లే. తప్పుచేసి మోకాళ్ళమీదికి తోసేస్తున్నావు!” అని విసురుగా వచ్చేశాను. ఆ ఒక్క వాక్యం అతన్ని పూర్తిచేయనిచ్చి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

ఒక రోజు సెలవు పెట్టి అక్కను కుర్చీలో తోసుకుంటూ సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాను. కౌంటరు అద్దం వెనక ఒకాయన ఉన్నాడు. మంచివాడే పాపం, కానీ రోజంతా అవే మాటలు చెప్పీ చెప్పీ గొంతు చదునైపోయింది.

“ఉత్తరం తిరిగి రాలేదమ్మా” అన్నాడు.

“మేమూ అదే అంటున్నాం, రాలేదని” అంది అక్క.

“మీకు రాకపోవడం కాదు, మాకు తిరిగి రాలేదు. చేరని ఉత్తరం వెనక్కొస్తుంది. రాలేదు కాబట్టి చేరినట్టు.”

నేను ముందుకొచ్చాను. “అదేం తర్కమండీ? మా మేనమామ ఇల్లొదిలి పోయి పాతికేళ్ళయింది, ఇంతవరకూ తిరిగి రాలేదు. ఎక్కడో క్షేమంగా చేరినట్టేనా?”

“అది నాకు తెలియదమ్మా. ఉత్తరాలకు మాత్రం అదే రూలు.”

అక్క అద్దానికి దగ్గరగా జరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. “ఇలా రాలేదని చెప్పుకోడానికి మీ దగ్గరికి ఎంతమంది వస్తారండీ?”

“రోజుకు పదిమంది తక్కువ కాదు.”

“అందరూ అబద్ధమాడతారా?”

ఆయన పెన్ను తిప్పుకుంటూ ఆలోచించాడు. “ఆడరనుకుంటానమ్మా. కానీ ఎవరి ఉత్తరమూ తిరిగి రాలేదు” అన్నాడు. తర్వాత అప్పీలు ఫారం ఇచ్చి, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాలో ఓపిగ్గా చూపించాడు.

విచారణ తేదీ నెలాఖరుకు ఆరు రోజుల ముందు పడింది. ‘మా కార్యాలయము నుండి అందిన ఉత్తరములన్నియు కవర్లతో సహా తీసుకురావలెను’ అని నోటీసులో ఉంది. సాక్షిగా నన్నూ రమ్మన్నారు. ఇస్త్రీ యూనిఫాం వేసుకుని, ఎవరేమన్నా కడిగి పారేద్దామని సిద్ధమై వెళ్ళాను.

గది కింది అంతస్తులోనే ఉంది. పొడుగాటి బల్ల, గోడకు ఆగిపోయిన గడియారం, దాని కిందే నడుస్తున్న ఇంకో గడియారం. విచారణాధికారి ఒక పెద్దావిడ. కళ్ళద్దాలకు గొలుసు కట్టుకుని మెళ్ళో వేసుకుంది. ఆమెకు కుడిపక్క కార్యాలయం తరపున ఒకాయన, ఒళ్ళో లావుపాటి ఫైలు. లోపలికొచ్చినప్పటి నుంచీ ఆ ఫైలుమీంచి చెయ్యి తియ్యలేదు కాబట్టి ఫైలాయన అనుకుందాం.

ఫైలాయన మొదలుపెట్టాడు. ఉత్తరం పదకొండున పంపారు, రిజిస్టరులో నంబరుంది, తిరిగి రాలేదు. అంతే. కూర్చున్నాడు.

అధికారి మేడమ్ అక్కవైపు తిరిగింది. “అమ్మా, మీకు నడుము కింద పట్టు లేదని డాక్టరు రాసిచ్చారు. దాంట్లో నాకు సందేహం లేదు. కానీ ఒకటి అర్థం కాలేదు. మీ ఇంటికి లిఫ్టు ఉందా?”

“లిఫ్టెందుకండీ?”

“మరి మేడమీదికి ఎలా వెళ్తారు?”

“నేను మేడమీదికి ఎందుకెళ్తానండీ?”

“మీ ఇల్లు అక్కడే కదమ్మా.”

అక్క గుడ్లప్పగించి చూసింది. నేనూ అంతే. ఫైలాయన గొంతు సవరించుకున్నాడు. “మేమూ గమనించాం మేడమ్. రోజూ మెట్లెక్కి దిగే మనిషికి తోడు సాయం అవసరమా అన్నది కూడా సమీక్షలో ఒక అంశం.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఏమిటయ్యా మీరనేది? మెట్లెక్కలేకే కదా ఆవిడ ఇల్లు మారింది! గడప కూడా తీయించుకుంది!”

“సాక్షి పిలిచినప్పుడే మాట్లాడాలి” అంది మేడమ్. నోరు మూసుకున్నాను, అదీ సగమే.

“మీకొచ్చిన ఉత్తరాలు తెచ్చారా అమ్మా?”

అక్క సంచిలోంచి కాగితాలు తీసింది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ కాలర్ల గుత్తి కూడా తీసి బల్లమీద పెట్టింది. “కవర్లతో సహా అన్నారు కదండీ. కవర్లు ఇవే. కొంచెం కత్తిరించాను.”

మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. కోటు కాలరు, చొక్కా కాలరు, చేతిపట్టీ, చిన్నపిల్లల గుండ్రటి కాలరు. అన్నీ రెండేళ్ళలో వచ్చిన కవర్లు. కత్తిరింపులో కొన్నిటికి వీధి పేరు పోయింది, కొన్నిటికి ఊరు పోయింది. కానీ ఏడింటిమీద మాత్రం పెద్ద అక్షరాల్లో అక్క పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ఇంటి నంబరు, నంబరు పక్కన రెండు మాటలు నిలిచి ఉన్నాయి. మేడపై ఇల్లు.

“ఇప్పుడు సాక్షిని అడుగుతున్నాను. ఇవన్నీ ఎవరిచ్చారు?”

“నేనేనండి.”

“ఎక్కడ?”

“కింద. అక్క చేతికి.”

“కవరుమీద మేడపై ఇల్లు అని ఉంటే కింద ఎందుకిచ్చారు?”

“పేరు చూశానండి.”

“చిరునామా?”

రెండేళ్ళు. బహుశా పాతిక కవర్లు. పొరలు కమ్మిన కళ్ళతో, పొరలు తీయించాక కూడా అలవాటుకొద్దీ, పెద్ద అక్షరాలు మాత్రమే చూసి, ‘ఓ, మన అక్కదే’ అనుకుని కిటికీలోంచి అందించి వచ్చాను. ఒక్కసారి చదివి ఉంటే మొదటి నెలలోనే తప్పు బయటపడేది. నేను అన్నీ సరిగ్గా చేరుస్తూ ఉండబట్టే ఆ తప్పు రెండేళ్ళు హాయిగా బతికింది. పన్నెండు రోజులు నేను లేకపోయేసరికి, చదివేవాడొకడు వచ్చి, చదివినట్టే చేశాడు. మెట్లెక్కలేక నా మోకాళ్ళు… అన్నాడు పాపం. నేను వినలేదు.

“చూడలేదండి” అన్నాను.

మేడమ్ రాసుకుంది. “సరే. ఈ మేడ అసలు ఎక్కడినుంచి వచ్చింది?”

“చిరునామా మార్పు ఫారంలో ఆవిడ రాసిచ్చిందే మేడమ్” అని ఫైలాయన ఎట్టకేలకు ఫైలుమీంచి చెయ్యి తీసి, అందులోంచి ఒక కాగితం లాగి బల్లమీద పెట్టాడు.

దూరం నుంచే గుర్తుపట్టాను. కొత్త కళ్ళు కదా, చక్కగా కనబడింది. అన్ని గడులూ ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉన్నాయి. అన్నిటికన్నా చివర, ‘ఇతర వివరాలు’ అన్న గడిలో ఒక వాక్యం. ‘ఇకపై ఉత్తరములన్నియు పై ఇంటికే పంపగలరు.’ పై అన్న అక్షరం ఐత్వం తోకను కింది గీత దాటించి మెలితిప్పి వదిలారు ఎవరో. అలా తిప్పేది ఈ పేట మొత్తంమీద ఒక్కరే.

అంతా గుర్తొచ్చింది. ఇల్లు మారిన వారంలో అక్క బల్లమీదే కూర్చుని రాశాను. ‘ఆ ఆఖరి గడిలో ఏమీ అక్కర్లేదులేవే’ అంది అక్క. ఖాళీ గడి చూస్తే నాకు అన్నం సయించదు. పైన చక్కగా చిరునామా రాశాను కదా, ఆ పైన రాసిన ఇంటికే పంపండి అని, కాస్త దర్జాగా, సర్కారు భాషలో ముగించాను. దాన్ని చదివిన టైపిస్టు ‘పై ఇల్లు’ అంటే పైన ఉన్న ఇల్లు అనుకున్నాడు. పోస్టువాళ్ళు తికమకపడతారేమోనని పాపం ‘మేడ’ కూడా చేర్చాడు.

“ఇది మీ చేతిరాతేనా అమ్మా?” మేడమ్ అక్కను అడిగింది.

అక్క ఆ అక్షరాలు చూసింది, తర్వాత నావైపు చూసింది. ఆమెకు తెలిసిపోయింది. “సంతకం నాదేనండి” అని ఊరుకుంది.

నన్ను కాపాడుతోంది! నెలాఖరుకు తన ఇల్లే పోయేలా ఉంటే, చిరునామా చూడని పోస్టమ్మ ఉద్యోగం గురించి ఆలోచిస్తోంది! నాకు ఏడుపొచ్చినంత పనైంది. లేచి నిలబడ్డాను.

“రాత నాదండి. తప్పూ నాదే. పై అంటే మేడ అని కాదు నేను రాసింది. పైన రాసిన ఇల్లు అని. ఆవిడ వద్దన్నా నేనే రాశాను.”

చెప్పేశాక గుండె తేలికైంది. ఆ తేలిక ఎంతోసేపు లేదు. ఫైలాయన అప్పటికే లేచాడు.

“అయితే మేడమ్, మా తరపున పొరపాటేమీ లేనట్టే కదా. రాసింది ఎవరైనా సంతకం ఆవిడది. పై ఇంటికి పంపమన్నారు, పంపాం. మా రికార్డు ప్రకారం ఉత్తరం చేరింది.”

అయ్యో, నేను చేసిందేమిటి! నిజం చెప్పి ఆమెను ముంచేశాను. ఇంతకన్నా నోరు మూసుకున్నా బాగుండేది. మేడమ్ పెన్ను పట్టుకుని ఆ వాక్యాన్నే చూస్తోంది.

“నేనొక మాట అడగొచ్చాండీ?” అంది అక్క.

“అడగండి.”

అక్క ఒళ్ళోంచి సాయం ఆపేస్తామన్న ఉత్తరం తీసింది. మూడు వారాలుగా చదివీ చదివీ మడతల దగ్గర అరిగిపోయింది. దాన్ని ఫైలాయనకు చూపించింది. “సార్, ఇది మీరు రాసిందే కదండీ. పైన ‘విషయం’ అని ఉంది. దాని కింద మొదటి మాటే ‘పై విషయమై’ అని ఉంది. నేను ఆ విషయం కోసం మేడమీద వెతకలేదండీ. పైన రాసిన విషయం అని నాకు తెలిసింది. నేను మిషను కుట్టుకునేదాన్ని. మీకెందుకు తెలియలేదా అని.”

ఫైలాయన కాగితం తీసుకుని చదివాడు, ఇంకోసారి చదివాడు. “అది… అది వాడుక అండీ” అన్నాడు.

“ఇదీ వాడుకేనండీ” అంది అక్క.

మేడమ్ నవ్వలేదు. నవ్వు ఆపుకోడానికి ఆమె కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుందని మాత్రం చెప్పగలను. తర్వాత ఫైలాయననే అడిగింది. “ఇంతకీ ఆ సమీక్ష ఎక్కడ పెట్టారు?”

“మన ఆఫీసులోనే మేడమ్. రెండో అంతస్తు.”

“లిఫ్టు?”

“మరమ్మతులో ఉంది మేడమ్. పోయిన ఏడాది నుంచి.”

ఆమె దాన్ని కూడా రాసుకుంది. ఆఖరున మాతో అంది: “మీరు చెప్పింది నాకు అర్థమైంది. కానీ ఉత్తర్వు రాయాలంటే ఒకటి తేలాలి. ఆ ఉత్తరం నిజంగా మేడమీదే, చింపకుండా ఉంటే, మీరు చదవలేదని ఇక ఎవరూ అనలేరు. నెలాఖరులోపు తెండి. అక్కడ లేకపోతే నేనూ ఏమీ చెయ్యలేను.”

అటునుంచి అటే వచ్చి, ఆ ఇనప మెట్లు మొదటిసారి ఎక్కాను. పదిహేడు మెట్లు. రూళ్ళకర్ర మోకాళ్ళకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. తలుపుకు తాళం. తలుపు మధ్యలో ఉత్తరాలు వేసే సన్నటి సందు. వంగి, ఫోను దీపం వేసి లోపలికి చూశాను. దుమ్ము, ప్రకటనల కాగితాలు, ఎవరో వేసి వెళ్ళిన పెళ్ళి కార్డు, వాటి కింద ఒక మూల పైకి తేలిన గోధుమరంగు కవరు!

“ఉందక్కా! ఉంది!” అని అరిచాను.

చేతికి మూరెడు దూరంలో ఉంది. గొడుగు ఊచ ఒకటి వంచి సందులో పెడితే చటుక్కున వచ్చేస్తుంది. ఊచ వంచాను కూడా.

“ముట్టుకోకే!” కింద కుర్చీలోంచి అక్క కేక. “నువ్వు తీస్తే నువ్వే పెట్టావంటారు!”

నిజమే. పైగా తలుపు లోపల పడ్డ ఉత్తరం ఇక పోస్టుది కాదు, ఆ ఇంటిది. అది ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నేర్పిన రూలు. వంచిన ఊచతోనే దిగొచ్చాను.

ఇంటివాళ్ళనడిగి లారీ తమ్ముడి నంబరు సంపాదించాం. మోగుతుంది, ఎత్తడు. రెండో రోజు ఎత్తి, “లోడుతో ఉన్నానక్కా, వస్తా” అని పెట్టేశాడు. ఎప్పుడో చెప్పలేదు. ఆ అయిదు రోజులూ నేను ఉత్తరాలు పంచుతూ ప్రతి లారీ హారనుకూ వెనక్కి తిరిగి చూశాను. ఆఫీసులో రూళ్ళకర్రకు జరిగిందంతా చెప్పాను. అతను సాంతం విని, “మీరు చెప్పనిచ్చారా అక్కా?” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

నెలాఖరు రోజు రానే వచ్చింది. పొద్దున నేను వెళ్ళేసరికి వదిన అక్కకు జడ వేస్తోంది. రేపటి నుంచి ఆమెకు వేరే పేట వేశారు. జడ అయిపోయినా మళ్ళీ విప్పి, వదులుగా వచ్చిందని మళ్ళీ మొదలుపెట్టింది. అక్క చెయ్యి ఊరికే మిషను పిడిమీద ఉంది.

పదకొండింటికి వీధి చీకటైంది. చూస్తే కిటికీకి అడ్డంగా లారీ.

డ్రైవరు తమ్ముడు నిద్రకళ్ళతో దిగాడు. నేను అతన్ని మంచినీళ్ళు కూడా తాగనివ్వలేదు. రూళ్ళకర్రను సాక్షిగా పిలిపించి, ముగ్గురం పైకెక్కాం. తాళం తీసి, తలుపు నెట్టి, అతను వంగి కవరు ఎత్తాడు. దుమ్ము ఊదాడు. “ఇదేంటి, కిందక్క పేరుంది. నా ఇంట్లో ఎందుకుంది?”

“అది పెద్ద కథ తమ్ముడూ. చింపకు!”

కవరు అంటించింది అంటించినట్టే ఉంది. ఆ మధ్యాహ్నమే మేడమ్ బల్లమీద పెట్టాం. ఆమె తిప్పి తిప్పి చూసి, అక్క సంచిలోని చిన్న కత్తెర అడిగి తీసుకుని, అంచు కత్తిరించింది. లోపలి కాగితం చదివి, ఫైలాయన ముందే ఉత్తర్వు రాసింది. ఉత్తరం అందలేదు. సాయం ఆపరాదు. సమీక్షకు ఆమె రానక్కర్లేదు, కార్యాలయమే ఆమె ఇంటికి వెళ్ళాలి. ఫైలాయన సంతకం చేస్తూ, “నాకూ ఈ మాట ఇన్నేళ్ళూ తట్టలేదండీ” అన్నాడు అక్కతో. మనిషి మంచివాడే అనిపించింది.

ఆ సాయంత్రం వదిన మామూలు వేళకు వచ్చింది. వస్తూనే నన్ను తిట్టింది, కుర్చీకి అడ్డంగా నిలబడ్డానని.

కొత్త చిరునామా ఫారం మేడమ్ ఇచ్చి పంపింది. ఈసారి పెన్ను నా చేతికివ్వలేదు అక్క. నేను పక్కన కూర్చుని సలహాలు మాత్రం ఇచ్చాను. ‘ఇతర వివరాలు’ గడి దగ్గర ఆగింది.

“ఖాళీగా వదిలెయ్” అంది వదిన.

“వదిలితే ఆ టైపిస్టు మేడ అలాగే ఉంచేస్తాడు. ‘కింది ఇల్లు’ అని రాయక్కా” అన్నాను.

“కింది ఇల్లంటే కింద రాసిన ఇల్లు అనుకుంటారు. దీని కింద నా సంతకం తప్ప ఏముందే? సంతకంలో కాపురం పెట్టమంటావా?”

నాలిక్కరుచుకున్నాను. అక్క కాసేపు పెన్ను ఆడించి, కుట్టు వేసినంత నెమ్మదిగా మూడు మాటలు రాసింది. మెట్లు లేని ఇల్లు.

మూడు వారాల తర్వాత నాకు మా పై అధికారి నుంచి మెమో వచ్చింది, చిరునామా చదవకుండా పంపిణీ చేసినందుకు. దాన్ని రూళ్ళకర్రే తెచ్చాడు. నా బల్ల ముందు నిలబడి, నా పేరు, హోదా, ఆఫీసు మొత్తం పైకి చదివి, మీరేనా అని అడిగి మరీ ఇచ్చాడు.

అదే రోజు నా సంచిలో అక్కకు ఒక గోధుమరంగు కవరుంది. కిటికీ ముందు సైకిలాపాను. బెల్లు కొట్టలేదు. కవరు ఎత్తి పట్టుకుని, పేరు, నంబరు, మెట్లు లేని ఇల్లు, వీధి, ఊరు, అన్నీ గట్టిగా చదివాను. లోపల మిషను ఆగింది.

“సరిగ్గానే ఉందా?” అంది అక్క.

“సరిగ్గానే ఉంది.”

చెయ్యి చాపి కవరు తీసుకుంది. లోపలి కాగితం తీసి జాగ్రత్తగా పక్కన పెట్టి, అలవాటుగా తాడుకున్న కత్తెర అందుకుంది.

“అక్కా, చిరునామా ఉన్నవైపు కత్తిరించకు” అన్నాను.